జార్జియా పల్లెలో వేపచెట్టు కనిపించింది, పూత ఎండబెట్టుకోవచ్చా?

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 11, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. పోయిన ఆగస్టులో టీచర్ వీసా మీద వచ్చాను. దక్షిణ జార్జియాలో చిన్న ఊరు, టిఫ్టన్ నుంచి ముప్పావుగంట. ఒక స్కూలు, ఒక పెట్రోలు బంకు, నాలుగు చర్చిలు. మిగతాదంతా వేరుశనగ, పత్తి చేలూ, పెకాన్ తోటలూ.

చలికాలమంతా మోడుల్లా నిలబడ్డ చెట్లు నెల తిరిగేసరికి ఏవేవో రంగులు పోసుకున్నాయి. ఒక్కదాని పేరూ నాకు తెలియదు. కానీ ఒక చెట్టు దగ్గర మాత్రం కాళ్లు ఆగిపోయాయి. నేను అద్దెకుంటున్న ఇంటి వెనక కంచె అవతల పాడుబడ్డ పొగాకు బ్యారన్ ఒకటుంది. దాని పక్కన వేపచెట్టు! గుత్తులు గుత్తులుగా పూత. సాయంత్రం కిటికీ తెరిస్తే తియ్యటి వాసన ఇల్లంతా.

మార్చి 19న ఉగాదికి వేపపువ్వు దొరక్క పచ్చడిలో చేదుకి చిన్న కాకరకాయ ముక్క వేశాను. అప్పటికి ఈ చెట్టుకి ఆకు కూడా లేదు. మా అమ్మ ఏటా చెట్టు కింద పాత చీర పరిచి, పూత దులిపి, నీడన ఆరబెట్టి సీసాకెత్తుతుంది. ఏడాదంతా చారులోకి, పొడిలోకి అదే. నేనూ అలాగే చేద్దామనుకుంటున్నాను. ఇక్కడి ఎండ సరిపోతుందా? చెట్టున్న స్థలం వాళ్లని అడగాలా?

మట్టివాసన | ఏప్రిల్ 11, ఉదయం 9:32

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ పూత ఇంట్లోకి తేవద్దు, నోట్లో అసలే పెట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు చూసింది వేప కాదు, తురకవేప అయి ఉంటుంది. ఇక్కడివాళ్లు చైనాబెర్రీ అంటారు. వేపకి దగ్గర చుట్టమే, ఒకే కుటుంబం. కానీ ఇది విషం. దక్షిణాది రాష్ట్రాల పల్లెల్లో పాత ఇళ్ల ముందు నీడ కోసం ఒకప్పుడు నాటారు. పిట్టలు కాయలు తిని గింజలు వేయడంతో ఇప్పుడు కంచెల వెంట, బీళ్లలో దానంతటదే మొలుస్తోంది.

ఇంకో లెక్క కూడా ఉంది. వేప గడ్డకట్టే చలిని ఓర్చుకోలేదు. దక్షిణ ఫ్లోరిడాలో పెంచుకున్నవాళ్లు ఉన్నారు గానీ టిఫ్టన్ వైపు ఒక్క శీతాకాలం కూడా ఆరుబయట నిలవదు. అంత పెద్ద చెట్టయిందంటేనే అది వేప కాదని అర్థం.

నమ్మకం కుదరకపోతే మూడు చూడు. ఆకు: వేపరెమ్మ కరివేపాకులా ఒకే ఈనెకి రెండు వైపులా ఆకులు తగిలించుకుని అక్కడితో ఆగుతుంది. తురకవేప రెమ్మ మునగరెమ్మ లాంటిది, రెమ్మలోంచి మళ్లీ రెమ్మ. పువ్వు: వేపది తెలుపు, దీనిది లేత ఊదా. కాయ: వేపపండు మెత్తబడి రాలిపోతుంది. దీని కాయలు పసుపుపచ్చగా, గట్టిగా, ఆకంతా రాలిన చెట్టు మీద చలికాలమంతా వేలాడుతూనే ఉంటాయి.

పాలమూరు_బిడ్డ | ఏప్రిల్ 11, ఉదయం 10:05

గిదే ముచ్చట నాకూ అయింది అక్కా. మేం అలబామాల ఉంటం, మాంట్‌గోమరీ కింద. వచ్చిన కొత్తల మా ఇంటెనుక ఈ చెట్టును జూసి మా ఆయన పండ్లు తోముకుందామని పుల్ల ఇరిచిండు. పక్కింటి ముసలాయన కంచె మీదికెళ్లి కేకేసి ఆపిండు. ఆ రోజు ఆయన జూడకపోతే ఏమైతుండెనో.

డాక్టరమ్మ_డెల్టా | ఏప్రిల్ 11, ఉదయం 11:20

మట్టివాసన గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మిసిసిపీలో పల్లెటూరి క్లినిక్కులో పని చేస్తున్నాను. తురకవేపలో కాయల్లో విషం ఎక్కువ. ఆకు, బెరడు, పువ్వు కూడా నమ్మదగ్గవి కావు. తింటే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. ఎక్కువైతే నరాల మీద పడుతుంది. కుక్కలకీ, పందులకీ, గొర్రెలకీ కూడా ప్రమాదమే. పిట్టలు తినడం చూసి పిల్లలు మోసపోతారు.

అమెరికాలో ఎక్కడున్నా సరే, ఎవరైనా తెలియని ఆకో కాయో తింటే 1-800-222-1222కి ఫోన్ చేయండి. విషాల సహాయ కేంద్రం, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు. తెలుగు కావాలంటే దుబాసీని కలపమని అడగండి. ఈ నంబరు మీ ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టుకోండి.

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 12:15

ఇప్పుడే వెళ్లి దగ్గరగా చూసొచ్చాను. చేతులు వణుకుతున్నాయి, నిజంగా. సాయంత్రం చీర పరుద్దామనుకున్నాను నేను.

మీరు చెప్పినట్టే ఉంది. పువ్వుకి ఐదు సన్నటి రేకులు, తెల్లగా మొదలై కొసకి లేత ఊదా తిరిగాయి. మధ్యలో ముదురు ఊదా రంగు గొట్టం, అగ్గిపుల్ల మందాన ఉంది. దాని మూతి చుట్టూ పసుపు చుక్కలు. మన వేపపువ్వుకి ఇంత అందం లేదు. నిరుటి కాయలు కూడా పైన గుత్తులుగా ఉన్నాయి, ముడతలు పడి ఎండిన ఖర్జూరాల్లా.

దూరం నుంచి చూసి వేప అనేసుకున్నాను. దగ్గరికి వెళ్తే ఒక్కటీ కలవలేదు. ఇంటి మీద బెంగ ఎంత పని చేయించబోయిందో! ఇక్కడి పల్లెల్లో మనం మన మొక్కలే అనుకుని పొరబడేవి ఇంకా ఏమున్నాయో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నాలా కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు.

పాలమూరు_బిడ్డ | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:02

పోక్ అని ఒకటుంటది అక్కా. ఎండాకాలం వచ్చేసరికి కాడ ఎర్రగైతది, నల్లటి పండ్లు గుత్తులుగ కాస్తది, అచ్చం ఎర్రబచ్చలి లెక్క. ఇప్పుడు చైత్రంల లేత చిగుర్లు లేస్తయి. బచ్చలి పప్పు యాదికొచ్చి నేను ఒళ్లో తెంపుకొని గూడ వచ్చిన. మళ్లా అదే ముసలాయన. "మా అమ్మ మూడు నీళ్లు మార్చి ఉడకబెట్టేది, ఎట్ల చెయ్యాల్నో చిన్నప్పటి సంది చూసినోళ్లే తినాలె, నీకు తెలియకుంటే ముట్టకు బిడ్డా" అన్నడు. బీదకాలంల వాళ్లను సాకిన కూర అది, ఇయ్యాల్టికీ ఆయన మార్చి చివర తింటడు. నేను మటుకు పారబోసిన.

డాక్టరమ్మ_డెల్టా | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1:30

పారబోసి మంచి పని చేశారు. వేరు అన్నిటికన్నా విషం. దుంపలా ఉందని తవ్వుకునేవాళ్లున్నారు.

పెన్నేటి_గట్టు | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 3:40

మాది అనంతపురం జిల్లా, ఇప్పుడుండేది దక్షిణ కరోలినాలో. మా అమ్మ ఫిబ్రవరిలో వచ్చింది. ఇంటి వెనక పైన్ చెట్ల మీదికి పచ్చగా ఒక తీగ పాకి, కొమ్మ కొమ్మకీ పసుపు పూలు. గుమ్మెత్తే వాసన. అమ్మ చూసి "పచ్చజాజి రా!" అనింది. దండ కట్టి దేవుని పటాలకి వేసింది. దండ సంగతి బాగానే ఉంది గానీ, తీర్థం చెంబులో తులసితో పాటు రెండు పూలు కూడా వేయబోతా ఉంటే నా పెళ్లాం చూసి ఆపింది.

అది కరోలినా జెస్సమిన్. 1924 నుంచి ఈ రాష్ట్రపుష్పం. వేరు మొదలు పువ్వులోని తేనె దాకా అంతా విషం. చిన్నపిల్లలు హనీసకుల్ అనే తేనెపూల తీగ అనుకుని నోట్లో పెట్టుకుంటేనే ఎక్కువ ప్రమాదం అంట. అమ్మకి చెప్తే ఒక్క క్షణం ఆలోచించి, "మన గన్నేరు లాంటిది అన్నమాట. చూడొచ్చు, దేవునికి పెట్టొచ్చు, నోట్లో పెట్టకూడదు" అనింది. నేను ఇంటర్నెట్‌లో అరగంట చదివింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

మట్టివాసన | ఏప్రిల్ 11, సాయంత్రం 4:15

మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

హనీసకుల్‌కీ దీనికీ తేడా చెప్తాను, పిల్లలున్నవాళ్లకి పనికొస్తుంది. జెస్సమిన్ ఫిబ్రవరి, మార్చిల్లోనే పూస్తుంది. పువ్వంతా ఒకటే పసుపు, ఐదు గుండ్రటి రేకుల బాకాలా ఉంటుంది. హనీసకుల్ ఏప్రిల్ చివర మొదలవుతుంది. పూలు జంటలుగా, పొడుగాటి కేసరాలు బయటికి చాపుకుని ఉంటాయి. తెల్లగా విచ్చుకుని రెండో రోజుకి పసుపు తిరుగుతుంది, కాబట్టి ఒకే తీగ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. మన రాధామనోహరం తెల్లగా పూసి ఎరుపెక్కినట్టు. తేనె పీల్చుకునేది హనీసకుల్‌నే. ఈ హనీసకుల్ కూడా జపాన్ నుంచి వచ్చి అడవిని ఆక్రమించినదే.

పార్వతీపురం | ఏప్రిల్ 11, రాత్రి 8:50

భయపెట్టేవే చెప్తున్నారు గానీ, ఇక్కడ మన చుట్టాలు కూడా ఉన్నాయండి. ఒకటి చెప్తాను.

నేను ఉత్తర కరోలినాలో ఉంటాను. మార్చిలో ఇక్కడ రెడ్‌బడ్ అని ఒక చెట్టు పూస్తుంది. ఒక్క ఆకు ఉండదు. కొమ్మలకే కాదు, మాను బెరడులోంచి కూడా గులాబీ ఊదా మొగ్గలు గుప్పుమని పుట్టుకొస్తాయి, పనసకాయ మాను మీద కాసినట్టు. పూలు రాలాక హృదయం ఆకారంలో ఆకు వస్తుంది. మొదటిసారి ఆ ఆకు చేతిలోకి తీసుకున్నప్పుడు ఎక్కడో చూశాననిపించింది. ఈనెలు కాడ దగ్గర్నుంచి వేళ్లు చాపినట్టు విచ్చుకున్న తీరు, ఎండాక చిక్కుడు లాంటి పల్చటి కాయ. రెండేళ్ల తర్వాత తెలిసింది: ఇది దేవకాంచనానికి, మన అడ్డాకు తీగకి దగ్గర చుట్టం!

మా ఊళ్లో అడ్డాకుల విస్తరి లేకుండా పెళ్లి భోజనం లేదు. మా నాన్నమ్మ సంతలో అడ్డాకు కట్టలు కొని, చీపురుపుల్లలతో కుట్టేది. రెండాకులు కలిసిపోయి మధ్యలో చీలినట్టుండే ఆకు అది. ఇక్కడి చెట్టు ఆకుకి ఆ చీలిక లేదు, అంతే తేడా. ఎనిమిదివేల మైళ్ల అవతల మా నాన్నమ్మ విస్తరి చుట్టం రోడ్డు పక్కన పూసి నిలబడింది. ఆ రోజు కారు ఆపేసి చాలాసేపు అక్కడే ఉన్నాను.

రెడ్‌బడ్ పూలు తినొచ్చు కూడా. కొద్దిగా పులుపు, పచ్చి బఠానీ రుచి.

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 11, రాత్రి 9:20

పార్వతీపురం గారూ, మీ పోస్టు మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "వాళ్ల నాన్నమ్మ ఉన్నారా?" అని అడిగింది.

పార్వతీపురం | ఏప్రిల్ 11, రాత్రి 9:41

లేరండి. 2019లో పోయారు. అడిగినందుకు అమ్మగారికి చాలా థాంక్స్ చెప్పండి.

కోనసీమ_మామ్మ | ఏప్రిల్ 12, ఉదయం 7:30

నేను మాటలు చెప్తుంటే మా మనవడు టైపు చేస్తున్నాడు. ఆరునెలల కోసం వచ్చాను, టెన్నెసీలో మా అమ్మాయి ఇల్లు. వచ్చేసరికి మంచు. ఇక్కడేం పూస్తుంది నా మొహం అనుకున్నాను. ఫిబ్రవరి ఆఖర్న చూద్దును కదా, దుక్కి దున్నని మొక్కజొన్న చేలన్నీ ఎర్రఊదా దుప్పటి కప్పుకున్నాయి.

దిగి చూశాను. జానెడు మొక్క. కాడ పట్టుకుంటే పలకలుగా, నాలుగు పలకలు, తులసి కాడ లాగే. ఆకు కాడ చుట్టూ గొడుగులా. పువ్వు పెదవి చాపుకుని ఉంది. అమ్మా, అది అచ్చంగా తుమ్మిపువ్వే, రంగు తేడా అంతే. చిన్నప్పుడు మేం తుమ్మిపూలు పీకి వెనక నుంచి తేనె పీల్చేవాళ్లం. మనవడు ఫోన్‌లో చూసి హెన్‌బిట్ అన్నాడు, తులసి, తుమ్మి, పుదీనా కుటుంబమేనట. కాడ పట్టుకోగానే నాకు తెలిసిపోయింది అన్నాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటాం. ఇక్కడ అలా పోదు. చలి పోయిందని బొంతలు మడతపెట్టాక, డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసినప్పుడు మళ్లీ నాలుగు రోజులు వణికిస్తుంది. పక్కింటావిడ దాన్ని డాగ్‌వుడ్ చలి అంటుంది, తర్వాత బ్లాక్‌బెర్రీ పూసినప్పుడు ఇంకోసారి వస్తుందట. ఆ రెండూ దాటాకే వంగ నారు పెట్టమంది. మన కార్తెల లాగే వీళ్లకీ పూలతో లెక్కలున్నాయి.

మట్టివాసన | ఏప్రిల్ 12, ఉదయం 8:10

మామ్మగారూ, మీ మనవణ్ణి ఆ డాగ్‌వుడ్ పువ్వొకటి తెచ్చి మీ చేతిలో పెట్టమనండి. నాలుగు తెల్లటి రేకులు, కొసన చిన్న నొక్కు. అవి రేకులు కావు, కాగితంపూలకి రంగు ఆకులున్నట్టే ఇవీ ఆకులే. అసలు పూలు మధ్యలో ఆకుపచ్చ బొడిపెల్లా గుంపుగా ఉంటాయి, ఒక్కోటీ ఆవగింజకన్నా కాస్త పెద్దది.

కోనసీమ_మామ్మ | ఏప్రిల్ 12, ఉదయం 10:45

తెచ్చాడు నాయనా. నువ్వన్నది నిజమే. బొడిపెల్లో రెండు విచ్చుకున్నాయి కూడా, నాలుగేసి బుల్లి రేకులు. కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడలేదు.

బ్రజోస్_బాబు | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 12:30

టెక్సాస్ నుంచి. బ్లూబానెట్లనే నీలిపూల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లు మార్చి చివర పిల్లలకి పరికిణీలు కట్టి బ్రెన్‌హమ్ వైపు, డాలస్ వాళ్లు ఎన్నిస్ వైపు బయల్దేరతారు. ఈసారి మేమూ వెళ్లాం.

ఫోటో కోసం మా పాపని పూల మధ్యలో కూచోబెట్టాను. కింద చూసుకోలేదు. నిప్పుచీమల పుట్ట. నిమిషంలో పాప కాళ్లు రెండూ పొక్కులు. నా తప్పే. ఈ చీమలు 1930ల్లో అలబామాలోని మొబీల్ రేవులో దిగి దక్షిణాదంతా పాకాయట. పూల మధ్యకి పిల్లల్ని పంపే ముందు కర్రతో నేల తట్టి చూడండి. పాములు కూడా అక్కడే ఉంటాయి. పూలని తొక్కితే వచ్చే ఏటికి గింజ రాలదు, కాబట్టి అంచునే నిలబడి ఫోటో తీసుకున్నా చాలు.

పాప ఏడుపు ఆపాక కారు దగ్గర కూచుని ఒక కంకి చూపించాను. నీలం పూలు అంచెలంచెలుగా గోపురంలా. ఒక్కో పువ్వు మధ్యలో తెల్లటి మచ్చ. కింది అంచెలో పాత పూలకి ఆ మచ్చ ముదురు ఎరుపు. "కిందవాటికి బొట్టు పెట్టారు నాన్నా" అంది పాప. తర్వాత చదివితే తెలిసింది: పువ్వు ముదిరి పుప్పొడి పని అయిపోయాక ఆ మచ్చ ఎరుపెక్కుతుంది, తేనెటీగలు తెల్లమచ్చ ఉన్న పూల మీదే వాలతాయి.

1901లో టెక్సాస్ శాసనసభలో రాష్ట్రపుష్పం ఎంచుకునేటప్పుడు దీనికి పోటీగా వచ్చినవి పత్తికాయ, నాగజెముడు పువ్వు. హైవేల పక్కన ఆ రాష్ట్ర రోడ్ల శాఖ ఏటా సుమారు 30,000 పౌండ్ల పూల గింజలు చల్లుతుంది. గింజ రాలే దాకా గడ్డి కోయరు. అధ్యక్షుడు జాన్సన్ భార్య లేడీ బర్డ్ ఈ పూల కోసం జీవితమంతా పనిచేసింది. 1965లో వచ్చిన హైవేల సుందరీకరణ చట్టం వెనక ఉన్నది ఆవిడే.

పాలమూరు_బిడ్డ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:15

పాప ఇప్పుడెట్లున్నది అన్నా?

బ్రజోస్_బాబు | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:20

తగ్గిపోయింది అక్కా. మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి.

పెన్నేటి_గట్టు | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:30

ఇప్పుడు మా వైపు చేలల్లో ఎర్రగా కంకులు కంకులుగా పూస్తా ఉందే, అదేంది? దూరానికి కుంకం ఆరబోసినట్టు ఉంటుంది.

మట్టివాసన | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 3:05

క్రిమ్సన్ క్లోవర్. మనం జనుము, జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నుతామే, ఇక్కడి రైతుకి ఇది ఆ పచ్చిరొట్ట. వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టి పెడుతుంది. ఆశ్వయుజ కార్తీకాల్లో చల్లితే చలికాలమంతా నేల కొట్టుకుపోకుండా కాపాడి, ఏప్రిల్‌లో పూస్తుంది. బ్లూబానెట్ కూడా ఈ చిక్కుడు జాతిదే. చేను పక్కన ఆపి ఒక మొక్క పీకి వేరు చూడండి, మీ ఊళ్లో జనుము వేరు చూసినట్టే ఉంటుంది. అయితే రైతుని అడిగి పీకండి.

పైన్ చెట్లకి వేలాడుతూ రేలపూల గుత్తులే ఊదా రంగు వేసుకున్నట్టు ఉండేది విస్టీరియా. చైనా నుంచి 1816లో తెచ్చిన తీగ. చెట్టుని మెలిపెట్టి చంపేస్తుంది. గింజ విషం.

మనం ఇచ్చిపుచ్చుకున్నది ఒకవైపే కాదు. తురకవేపకి పుట్టిల్లు మన ఆసియా, మెట్టినిల్లు జార్జియా. మన పొలాల్ని పట్టి పీడిస్తున్న వయ్యారిభామకి పుట్టిల్లు ఈ గల్ఫ్ తీరం, మెక్సికో చుట్టుపక్కల. దెబ్బ తగిలితే నలిపి రాసుకునే గడ్డిచామంతి, గట్ల మీద బ్రహ్మదండి, కంచెల్లో నాగజెముడు, అన్నీ ఇక్కడి ఖండం నుంచి వచ్చినవే. మా నాన్న చేలో వయ్యారిభామ పీకి పీకి చేతులు దద్దుర్లెక్కి నిద్రపోని రాత్రులు నాకు గుర్తు. టెక్సాస్ దక్షిణాన రోడ్డు పక్కన అది అనామకంగా, జానెడెత్తున, మిగతా పూలతో కలిసిమెలిసి ఉండటం చూసినప్పుడు కడుపులో ఏదో తిప్పింది. దాన్ని ఇక్కడ అదుపులో పెట్టే పురుగులూ తెగుళ్లూ మన దగ్గరికి దానితో పాటు రాలేదు. తప్పు మొక్కది కాదు.

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 12, సాయంత్రం 5:10

మా స్కూల్లో ఒక పిల్లవాడు చేతుల నిండా నీటిపొక్కులతో వచ్చాడు. పాయిజన్ ఐవీ అన్నారు. ఎలా గుర్తుపట్టాలి?

డాక్టరమ్మ_డెల్టా | ఏప్రిల్ 12, సాయంత్రం 5:45

ఒక కాడకి మూడాకులు. నడిమి ఆకుకి కాడ పొడుగు, పక్కవి రెండూ అంటుకుని ఉంటాయి. చిగురు ఎర్రగా నిగనిగలాడుతుంది, అందుకే పిల్లలు ముట్టుకుంటారు. ముదిరిన తీగ చెట్టు మానుకి నూగు నూగు వేర్లతో అతుక్కుని ఉంటుంది. ఐదాకులుంటే అది వేరే తీగ.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది మామిడి, జీడిమామిడి కుటుంబం. పచ్చిమామిడి సొన మూతికి తగిలి పుండయిన అనుభవం మనందరికీ ఉంది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి గింజ చేతిని కాల్చేది ఇలాంటి నూనెతోనే. కొందరికి మామిడి తొక్క పడకపోతే ఇది కూడా గట్టిగానే పట్టుకుంటుంది.

తగిలిన వెంటనే సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. మొదటి పది నిమిషాల్లో కడిగితే చాలా మేలు. బట్టలు, చెప్పులు, కుక్క బొచ్చు, అన్నీ కడగాలి, ఆ నూనె వాటి మీద నెలల తరబడి ఉంటుంది. ఎండిన తీగైనా అంతే. ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చొద్దు, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఇంకోటి, అట్లాంటా వైపు వాళ్లు కార్ల మీద పసుపు పొడి చూసి భయపడుతున్నారు. అది పైన్ చెట్ల పుప్పొడి. బరువైనది, కంటికి కనిపించేంత పెద్దది, తుమ్ములకి ఎక్కువగా కారణం అది కాదు. అసలు కారణం అదే సమయంలో కంటికి కనిపించకుండా ఎగిరే ఓక్, బిర్చ్ చెట్ల పుప్పొడి. 2025 మార్చి 29న అట్లాంటాలో పుప్పొడి రేణువుల లెక్క ఘనమీటరుకి 14,801కి చేరింది, అప్పటికి అదే అన్నిటికన్నా ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లు ఉదయం కిటికీలు మూసుకోండి.

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 12, సాయంత్రం 6:20

చాలా థాంక్స్ డాక్టర్ గారూ. ఇంకొక్కటి అడుగుతాను. ఫిబ్రవరిలో స్కూలు బస్సు దారిలో ఖాళీ పొలం మధ్య రెండు వరసల్లో పసుపు పూలు చూశాను. చుట్టూ ఏమీ లేదు. అంత తిన్నగా ఎవరు నాటారా అనుకున్నాను.

డాక్టరమ్మ_డెల్టా | ఏప్రిల్ 12, రాత్రి 7:15

అవి జాంక్విల్స్, డాఫడిల్ జాతి. ఆ రెండు వరసల మధ్య ఒకప్పుడు ఇంటికి వెళ్లే దారి ఉండేది.

నేను క్లినిక్కుకి వెళ్లే దారిలో అలాంటివి మూడు చోట్ల ఉన్నాయి. ఇల్లు చెక్కది కాబట్టి కుళ్లిపోయింది, లేదా కాలిపోయింది. కౌలు రైతులు పొలాలు వదిలి ఉత్తరాది నగరాలకి వెళ్లిపోయారు. పూలకి ఆ సంగతి తెలియదు. వాటి దుంప విషం కాబట్టి జింక, ఎలుక ముట్టవు, అందుకే యాభై అరవై ఏళ్లయినా ఏటా అదే వరసలో లేస్తాయి. వెతికితే పక్కనే ఇటుకల పొగగొట్టం మొదలు, ఓ బావి, మీ తురకవేప లాంటి చెట్టు ఒకటి ఉంటాయి. మా ఊళ్లో శిథిలమైన ఇంటి ముందు తులసికోట మిగిలినట్టు.

నా దగ్గరికి వచ్చే పేషెంటు ఒకావిడ, ఎనభై దాటింది, ఆ మూడిట్లో ఒకటి తను పుట్టిన ఇల్లని చెప్పింది. ఆ పూల దుంపలు వాళ్లమ్మ పొరుగింటి నుంచి కొంగులో వేసుకొచ్చి నాటిందట. ఏటా ఫిబ్రవరిలో కొడుకు కారులో తీసుకెళ్తే, దిగకుండా అద్దంలోంచి చూసి వస్తుంది.

బ్రజోస్_బాబు | ఏప్రిల్ 12, రాత్రి 8:00

టీచరమ్మ గారూ, మా ఇండియన్ కొట్లో ఎండు వేపపువ్వు పొట్లాలు దొరుకుతాయి. రెండు పోస్టులో పంపుతాను, చిరునామా ప్రైవేటు మెసేజీలో పెట్టండి. వద్దనకండి.

తెనాలి_టీచరమ్మ | ఏప్రిల్ 18, సాయంత్రం 6:40

బ్రజోస్ బాబు గారి పొట్లాలు ఇవాళ అందాయి. చిటికెడు నేతిలో వేయించి చారులో వేశాను. ఎనిమిది నెలల తర్వాత ఆ చేదు.

ఇంకో సంగతి. పొగాకు బ్యారన్ స్థలం ఎవరిదో కనుక్కుని వెళ్లి కలిశాను. డెబ్బైతొమ్మిదేళ్ల పెద్దావిడ. పూత కోసం వచ్చానని, అది మా వేప అనుకున్నానని జరిగిందంతా చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి ఒక డబ్బా తెచ్చింది. అందులో పూసల దండ. చైనాబెర్రీ కాయల్ని ఉడకబెట్టి, గుజ్జంతా తోమేసి, లోపలి గింజలకి రంగు వేసి గుచ్చింది, చిన్నప్పుడు వాళ్లక్క. ఒక్కో గింజకి నిలువునా గాడులు, బుల్లి గుమ్మడికాయలా. మధ్యలో బెజ్జం దానంతటదే ఉంటుందట, సూది నేరుగా దూరిపోతుంది. రంగు చాలావరకు పోయింది, అక్కడక్కడా ఎరుపు మిగిలింది.

మీ వేపపూలతో ఏం చేస్తారని అడిగింది. చారు గురించి చెప్పాను. సోమవారం తెచ్చి రుచి చూపిస్తానన్నాను.

కోనసీమ_మామ్మ | ఏప్రిల్ 18, రాత్రి 7:55

మిరియం తక్కువ వెయ్యి తల్లీ, వాళ్లు ఘాటు ఓర్చుకోలేరు.